నొప్పి తాగే చెప్పులు

తుఫాను వస్తా ఉంటే మైకులో ముందే చెప్తారు గదా, సముద్రం పక్కకు పోవద్దండని. అట్నే నేనూ ముందే చెప్తా ఉండాను. ఇది మునక కథ. మునిగింది పడవ కాదు, యూనివర్సిటీలో నా కూతురు పనిచేసే ల్యాబు. ముంచింది గాలీ కాదు, వానా కాదు, ఎండుచేపలు అమ్ముకునే సుశీలమ్మ, అంటే నేను. పట్టిన ఆయుధం ఒక జత చెప్పులు.

నాకు సంతకం పెట్టడం వచ్చు. బస్సు మీద కొడవలూరు అని ఉంటే కూడబలుక్కోవడం వచ్చు. పాటల పుస్తకంలో పాట నంబరు పట్టుకోవడం వచ్చు. అంతకు మించి అక్షరానికీ నాకూ చుట్టరికం లేదు. అందుకని నేను నోటితో చెప్తా ఉంటే నా కూతురు ప్రిసిల్లా రాస్తా ఉండాది. ఏ పిల్ల పరువు తీసినానో ఆ పిల్ల చేతనే రాయించుకుంటా ఉండాను, నా సిగ్గులేనితనం చూడండి. ఇప్పుడే పెన్ను ఆపి నా మొహం చూసింది. రాయవే తల్లీ, నీ గురించి మంచిగానే చెప్తాలే.

మాది కృష్ణపట్నం పక్కన ఊరు. నా మొగుడు పోర్టులో బొగ్గు కాడ పనిచేసినాడు. ఆయనకు షుగరు. షుగరు ముదిరితే అరికాళ్లు మొద్దుబారిపోతాయి, నిప్పు తొక్కినా తెలియదు. ఒకరోజు పొద్దున బూటులో దిగిన మేకు, సాయంత్రం ఇంటికొచ్చి బూటు విప్పినాక కనబడింది. నెత్తురు చూసి, ఇది ఎవరిదబ్బా అన్నాడు. ఆ పుండే ముదిరి ముదిరి ఆయన్ని తీసుకపోయింది. ఈ ఒక్కచోట నవ్వొద్దండి. తర్వాత ఎంత నవ్వుకున్నా నేనేమీ అనుకోను.

అందుకే ప్రిసిల్లా పట్టుబట్టి బయోమెడికల్ ఇంజనీరింగ్ అనే చదువులో చేరింది. అదేం చదువే అంటే, ఒంటికి పనికొచ్చే మిషన్లు తయారుచేసే చదువమా అనింది. మూడో సంవత్సరంలో ఉండంగా దానికొక అవకాశం వచ్చింది. డిగ్రీ చేతికి రాకముందే, శెలవుల్లో, పెద్ద పెద్ద సార్ల పక్కన నిలబడి ల్యాబులో పరిశోధన చేయొచ్చంట. అడిగేవాళ్లు రొయ్యల సీజన్లో ఐసు కోసం తోసుకున్నట్టు తోసుకుంటారంట, తీసుకునేది ఇద్దరు ముగ్గురినే. ఆ ఇద్దరు ముగ్గురిలో నా బిడ్డ ఉండాది. చర్చిలో నేను లేచి సాక్ష్యం చెప్పినాను. అయ్యగారు ప్రార్థన చేసినారు. నేను మూడు వీధులు తిరిగి చెప్పినాను, ఎండుచేపల గంప దించకుండా.

పరిశోధన అంటే గాజు సీసాల్లో పొగలు వస్తా ఉంటాయనుకున్నాను. చివరికి అది ఇంటికి తెచ్చింది చెప్పులు.

చూసేదానికి మామూలు చెప్పులే. పట్టీలు అంటుకునే రకం, ఎంత కాలికైనా సరిపోతాయి. అట్ట మాత్రం దిబ్బరొట్టెంత మందం. మడమ వెనక అగ్గిపెట్టెంత పెట్టె, దాంట్లో పచ్చ లైటు మిణుకు మిణుకుమంటా ఉంటుంది. కాలు ఎక్కడ ఎంత ఆనుతుందో, ఎక్కడ వేడెక్కుతుందో ఆ చెప్పులు పట్టుకుంటాయంట. షుగరు ఉన్నవాళ్లకు పుండు పడకముందే, ఇదిగో ఇక్కడ పడబోతా ఉండాదని కనిపెట్టేదానికంట. మామూలుగా దీని మాదిరి ఇంకా చదువుకునే పిల్లలకు ల్యాబులో వైర్లు అతికించే పనులు, సామాను తుడిచే పనులు ఇస్తారు. ఆ ల్యాబు చూసుకునే మేడమేమో, షుగరు ఉండి రోజంతా నడిచే మనిషి దొరకడం లేదు, అందరూ ఇంట్లో కుర్చీలో కూచునేవాళ్లే అనిందంట. మా అమ్మ ఉండాది మేడం, షుగరు ఉండాది, రోజూ గంప నెత్తిన పెట్టుకోని ఊళ్లు తిరుగుతుంది అని ఇది చెప్పింది. దాంతో ఈ చెప్పుల పని మొత్తం దీని చేతిలో పెట్టినారు. బాగా చేస్తే పెద్దల సభలో లేచి నిలబడి మాట్లాడొచ్చు, ల్యాబులో కొనసాగొచ్చు. చెడిపోతే శెలవులతో సరి.

పోతా పోతా జాగ్రత్తలు చెప్పింది. రెండు వారాలు వేసుకోవాల. నీళ్లలో తడపకూడదు. పడుకునే ముందు ఫోను మాదిరి చార్జింగు పెట్టాల. అన్నిటికీ తల ఊపినాను. ఇంకొకరికి ఇవ్వొద్దని మాత్రం చెప్పలా. ఎవరైనా చెప్తారా? పళ్లు తోముకునే బ్రష్షు ఇచ్చి, ఊరందరి పళ్లూ తోమొద్దని చెప్తారా? వాళ్ల అమ్మ సంగతి ఆ బిడ్డకు పూర్తిగా తెలియదు.

ఇప్పుడు నా బుర్ర ఎట్లా నడిచిందో చెప్తాను, సిగ్గు విడిచి. నెల్లూరులో వేడి మంచాలు ఉండేవి, మీరూ పోయుంటారు. ఊరికే పడుకోబెట్టేవాళ్లు. వీపు కింద గుండ్రాళ్లు దొర్లతా ఉంటే నడుం నొప్పి పోతుందని, మా ఊరి ఆడవాళ్లం పొద్దున్నే బస్సెక్కి పోయి వరసలో కూచునేవాళ్లం. వైద్యం మిషను అంటే నాకు తెలిసింది అది. ఒకటే మంచం, అందరికీ వంతులు. ఇంక ఈ చెప్పుల్ని చూసినాక వేరే ఆలోచన ఎందుకొస్తుంది? వేసుకుని రెండు వీధులు నడిస్తే మెత్తగా, హాయిగా ఉండాది. పచ్చ లైటు మిణుకుమంటా ఉంటే, నొప్పిని తాగతా ఉండాదిలే అనుకున్నాను. రాత్రికి చార్జింగు పెడితే ఎర్ర లైటు. పగలంతా తాగిన నొప్పిని కక్కేస్తా ఉండాదని తేల్చేసినాను. చదువు లేకపోతే మనిషికి తెలివి ఉండదని ఎవరనింది? బోలెడు ఉంటుంది. అదే ప్రమాదం.

మరుసటి రోజు పక్కింటి మార్తక్క గడప మీద కూచోని మోకాళ్లు నొక్కుకుంటా ఉండాది. మార్తక్క భారీ మనిషి. ఆమె చర్చిలో బెంచీకి ఈ చివర కూచుంటే ఆ చివర కూచున్నవాళ్లు స్తోత్రం అనకుండానే పైకి లేస్తారు. ఆమె కళ్లు నా కాళ్ల మీద పడినాయి.

"ఏమ్మే సుశీలా, లైట్ల చెప్పులా? ఈ వయసులో సోకులు మొదలుపెట్టినావే."

"సోకు కాదక్కా, వైద్యం. యూనివర్సిటీది. నొప్పి తాగుతుంది."

"అయితే నా మోకాళ్లకు దాహం తీర్చుకోమను. ఒక పూట ఇయ్యి."

ఇచ్చినాను. ఇయ్యకుండా ఎట్లా ఉంటాను? ఆయన పోయినప్పుడు మా ఇంట్లో పొయ్యి వెలగని రోజుల్లో కూడు పంపింది ఆమె. సాయంత్రం తిరిగిస్తా, నొప్పి సగం దిగిందే అనింది. ఆ ఒక్క మాట వీధి కొళాయి కాడ పడింది. ఇంక చూసుకోండి. ఎండుచేపల మీదకు ఈగలు కూడా అంత తొందరగా రావు.

అయ్యగారి భార్య, మా అమ్మగారు, మడమ నొప్పి అనింది. ఆమె సన్నంగా కోడిపిల్ల మాదిరి మునివేళ్ల మీద నడిచే మనిషి. ఆదివారానికి ఇచ్చినాను. పాటలు పాడినంతసేపూ ఆ చెప్పులతోనే తాళం వేసింది. మామూలుగా చెప్పులు బయట విప్పి చర్చిలోకి పోవాల, కానీ వైద్యం గదా అని అయ్యగారే ఒప్పుకున్నాడు. ఆటో తోలే శీనయ్య పాదం తిమ్మిరి అన్నాడు. నన్నూ నా గంపనూ ఎక్కించుకోని ఊళ్లు తిప్పే మనిషి, కాదంటానా? ఆటో తోలతా వేసుకున్నాడు. అట్లా పూటకొకరు. వంతు తప్పితే తగాదాలు. నేను తీర్పులు చెప్పినాను. నన్ను చెప్పులమ్మ అనే పేరుతో పిలిచేటప్పటికి నాకు కిరీటం పెట్టినట్టుండాది. నేను మాత్రం పాత హవాయి చెప్పులేసుకోని గంపతో తిరిగినాను. పదిమంది నొప్పి పోతా ఉంటే నా నొప్పి ఎంత అని త్యాగం కూడా చేసినాను, చూడండి.

ప్రిసిల్లా రోజూ సాయంత్రం ఫోన్ చేసేది. అమా, చెప్పులు వాడతా ఉండావా అని అడిగేది.

"ఒక్క నిమిషం ఖాళీ లేదే వాటికి" అనేదాన్ని.

మా అమ్మ బంగారం అనేది. ఒక్క అబద్ధం చెప్పలేదు నేను. నిజం చెప్పి బిడ్డను ముంచిన తల్లిని నేనే అయ్యుంటాను.

రెండు వారాలు కాంగానే వచ్చి చెప్పులు పట్టుకపోయింది. ఆ తర్వాత ఫోన్ చేసినప్పుడు గొంతు వేరేగా ఉండాది. అమా, నీకు కళ్లు తిరుగుతా ఉండాయా, ఎడమ కాలు లాగతా ఉండాదా, మొహం ఉబ్బుతుందా అని ఒకటే ప్రశ్నలు. నేను గట్టిగా ఉండానే అంటే నమ్మలా. ఏడుపు మింగుకోని, రేపు బస్సెక్కి రా, మేడం చూడాలనింది అని చెప్పింది. నేనేమనుకున్నానంటే, అంత బాగా వాడినందుకు నన్ను మెచ్చుకునేదానికి పిలిచినారనుకున్నాను. ఉన్నవాటిలో మంచి చీర కట్టుకోని, మేడానికి ఎండు నెత్తళ్లు పొట్లం కట్టుకోని పోయినాను.

గుమ్మం కాడ అందరి చెప్పుల పక్కన నావీ విప్పి ల్యాబులో అడుగుపెట్టంగానే మేడం లేచి నిలబడి కుర్చీ వేసింది. నెరిసిన జుట్టు, మెత్తని మాట. పక్కన నరాల డాక్టరంట, ఒక పెద్దాయన కూచోనుండాడు. నన్ను ఒక నల్ల పట్టా మీద నడిపించినారు, వెనక్కి తిప్పినారు, కాలి వేళ్లు గిచ్చినారు. నేను తిన్నగా నడిచినాను, గిచ్చినచోటల్లా అబ్బా అన్నాను. వాళ్లిద్దరూ మొహామొహాలు చూసుకున్నారు. మేడం టీవీలాంటి దాంట్లో రంగు రంగుల పాదాల బొమ్మలు చూపించింది. ఎరుపు, పసుపు, నీలం. పండగ ముగ్గుల మాదిరి ఉండాయి.

"అమ్మా, మంగళవారం మధ్యాహ్నం మీ ఎడమ కాలు అసలు పని చేయలేదు. కుడి కాలు మాత్రం ఆగి ఆగి గట్టిగా నొక్కింది. అప్పుడు ఏం చేస్తున్నారు?"

ఈ చెప్పులు నొప్పిని కాదు, కాలు చేసే ప్రతి పనినీ మింగి కూచున్నాయని అప్పుడు వెలిగింది. మంగళవారం అంటే శీనయ్య. ఆటో బ్రేకు.

"ఆటోలో ఉండాను మేడమా" అన్నాను.

"ఆటోలో కూర్చున్నవాళ్లు కాలు నొక్కాల్సిన పనేముంది?"

"నేనే తోలినాను."

ప్రిసిల్లా నా పక్కకు తిరిగింది. "అమా, నీకు సైకిలే రాదు గదా."

"నేర్చుకుంటా ఉండాను" అన్నాను. డాక్టరు ఏదో రాసుకున్నాడు.

అప్పుడే ఒప్పుకోని ఉంటే సగం పరువన్నా దక్కేది. అడుసు తొక్కనేల కాలు కడగనేల అంటారు. నేను తొక్కింది ఒక జత కాళ్లతో కాదు గదా, ఊరి కాళ్లన్నిటితో తొక్కినాను. ఎన్నని కడగను? మేడం ఇంకో బొమ్మ చూపించింది. ఇంకొక పూట నా బరువు ఉన్నట్టుండి ఒకటిన్నర రెట్లు అయిందంట. అది మార్తక్క. పెళ్లి భోజనానికి పోయినాను మేడమా అన్నాను. ఆదివారం పొద్దున కుడి పాదం ఒకేచోట అదే పనిగా కొట్టుకుందంట, వణుకు మాదిరి. అది అమ్మగారి తాళం. భక్తి ఎక్కువైంది మేడమా అన్నాను. డాక్టరు రాస్తానే ఉండాడు. ఆయన పెన్ను చప్పుడు వింటా ఉంటే నాకు సమాధి రాయి చెక్కతా ఉన్నట్టుండాది.

చివరికి ఆయన కళ్లద్దాలు తీసి, నిదానంగా, ప్రిసిల్లాతో చెప్పినాడు. ఒంటికి నీరు పడుతుంది, కాలు పడిపోయి మళ్లీ వస్తుంది, వణుకుంది, చేయని పనులు చేశానంటున్నారు, మతి కూడా చూడాలి. చెప్పుల లెక్క చూస్తే మనిషి ఇలా నడిచి రాకూడదు. రేపు సూదులు పెట్టి నరాల పరీక్ష చేద్దాం. ఈమెను ఇంట్లో ఒంటరిగా వదలకూడదు.

నవ్వొస్తా ఉండాదా మీకు? నాకూ లోపల నవ్వు రాబోయింది. బిడ్డ మొహం చూసినాను, ఆగిపోయింది. అది వాళ్ల నాన్న బూటు విప్పిన రోజు పెట్టిన మొహమే పెట్టింది.

"నేను ఇంటికి పోతాను మేడం" అనింది. "ల్యాబు మానేస్తాను. నాన్నప్పుడు నాకు తెలియలా. ఇప్పుడు తెలిసి ఇక్కడ కూచోలేను."

మేడం, సభలో నువ్వు మాట్లాడాలి గదా ప్రిసిల్లా అనింది. ఇంకెవరన్నా మాట్లాడతారులే మేడం అని, మెళ్లో వేలాడే ల్యాబు కార్డు తీసి బల్ల మీద పెట్టింది. ఎన్ని రోజులు ఆ కార్డు మెళ్లో వేసుకోని పడుకుందో నాకు తెలుసు. నేను కుర్చీలోంచి లేచినాను.

"మేడమా, నాకేమీ లేదు. అవి నా కాళ్లు కావు."

"అంటే?"

"ఎడమ కాలు పడిపోయింది శీనయ్యది, ఆటో తోలతా ఉన్నాడు. బరువు పెరిగింది మా మార్తక్క. వణికింది మా అయ్యగారి భార్య, పాటకు తాళం వేసింది. నేను చెప్పులు ఊరందరికీ వంతులేసినాను."

డాక్టరు పెన్ను మూత పెట్టినాడు. మేడం మెత్తగానే అడిగింది.

"మొత్తం ఎంతమంది వేసుకున్నారమ్మా?"

"లెక్కపెట్టలేదు మేడమా. చర్చి ఆడవాళ్లు, కొళాయి కాడి ఆడవాళ్లు."

"మీరు వేసుకున్నారా?"

"మొదటి రోజు. రెండో రోజు పొద్దున కాసేపు."

భూమి చీలితే దూరుదామని చూసినాను. యూనివర్సిటీ నేల, గట్టి గ్రానైటు, చీలలేదు. నా బిడ్డ తిడుతుందనుకున్నాను. తిట్టి ఉంటే బాగుండేది. అది ముందు నా చేయి పట్టుకుంది, నిజంగా ఏమీ లేదా అమా అని అడిగింది. లేదే అన్నాను. గట్టిగా ఊపిరి వదిలి మేడం పక్కకు తిరిగింది.

"ఇంకొకరికి ఇవ్వొద్దని నేనే చెప్పలేదు మేడం. తప్పు నాది."

అయ్యా, అమ్మా, వింటా ఉండారా? తల్లి తప్పును నెత్తిన వేసుకోని నిలబడింది. నా నెత్తి మీద గంపెడు ఎండుచేపలు ఎన్నేళ్లు మోసినా అంత బరువు ఎరగను. మేడం, ఈ లెక్కంతా పారేయాల్సిందే అని మాత్రం అనింది. ఆ మాట వినంగానే నేను నెత్తళ్ల పొట్లం బల్ల మీద పెట్టి, తల ఎత్తకుండా, ఎవరికీ చెప్పకుండా బయటపడినాను. గుమ్మం కాడ చెప్పుల్లో కాళ్లు దూర్చి ఒకటే నడక. ఆ నడకను ఎవరన్నా కొలిచుంటే ఈ దేశానికి పరుగుపందెంలో పతకం వచ్చేది.

బస్సులో కిటికీ పక్కన కూచోని కళ్లు తుడుచుకుంటా ఉంటే గూడూరు దాటినాక ఫోను మోగింది. ప్రిసిల్లా. ఎత్తేదానికి చేయి రాలా. మళ్లా మోగింది.

"అమా, ఎక్కడుండావు?"

"గూడూరు దాటినాను. నిన్ను తీసేసినారా బిడ్డా?"

"ముందు నీ కాళ్లు చూసుకో."

"నా కాళ్లకేమే. బాగుండాయని తేలింది గదా."

"కాళ్లు కాదమా. కాళ్లకున్నవి చూసుకో."

వంగి చూసినాను. నావీ నల్లవే, ఇవీ నల్లవే. కానీ నావి రబ్బరువి, పట్టీ తెగితే పిన్నీసు పెట్టుకున్నవి. ఇవి తోలువి, పక్కన చిన్న వెండి రంగు బకిలుతో మెరస్తా ఉండాయి. బస్సు మొత్తం నన్నే చూస్తా ఉన్నట్టయి కాళ్లు సీటు కిందకు లాక్కున్నాను.

"ఎవరివే ఇవి?" అన్నాను, తెలిసి కూడా.

"మేడంవి. ఇంటికి పోదామని బయటికొచ్చి, ఇందాకటి నుంచి గుమ్మం కాడ నీ పిన్నీసు చెప్పుల ముందర నిలబడుండాది. గోడ పట్టుకోని నవ్వు మొదలుపెట్టింది, ఇంకా ఆపలా."

"ఏమనింది మేడం?"

"ఈసారి మీ అమ్మకు చెప్పులు ఇచ్చేదానికి పోయినప్పుడు, ముందు నావి వెనక్కి పట్టుకరా అనింది."

ఈసారి అనిందా అని అడిగినాను. ఈసారి అనే అనిందమా అని చెప్పింది. బల్ల మీది కార్డు కూడా మేడమే తీసి మళ్లా దాని మెళ్లో వేసిందంట. బస్సులో పక్కన కూచున్నామె ఏమైందక్కా అని అడిగితే, ఏడుస్తా ఉండానో నవ్వతా ఉండానో నాకే తెలియక, చెప్పులు మారిపోయినాయమ్మా అన్నాను.

అయినా జరిగిన నష్టం జరిగింది. ఆ సభలో నా బిడ్డ నిలబడాల్సిన చోట ఇంకొక పిల్లోడు నిలబడి మాట్లాడినాడు. ఇది వెనక వరసలో కూచోని చప్పట్లు కొట్టింది. రెండోసారి చెప్పులు వచ్చినప్పుడు స్నానానికి పోయేటప్పుడు కూడా బీరువాలో పెట్టి తాళం వేసి, తాళం నోట్లో పెట్టుకున్నంత పని చేసినాను.

కాబట్టి చదివేవాళ్లందరి ముందరా, రాస్తా ఉన్న నా బిడ్డ ముందరా, ఎండుచేపల గంప మీద చేయి పెట్టి ప్రమాణం చేస్తా ఉండాను. బతికున్నంతకాలం నా చెప్పులు ఇంకొకరి కాలికి తొడగను. ఇంకొకరి చెప్పుల్లో నా కాలు దూర్చను. పచ్చ లైటు వెలిగేది ఏది కనబడినా, అదేం చేస్తుందో అడిగి తెలుసుకోని గాని ముట్టుకోను.

మేడం చెప్పులు శుభ్రంగా తుడిచి, గుడ్డలో చుట్టి, మరుసటి వారమే పంపించేసినాను. పంపేముందు మార్తక్క వచ్చి, ఒక్క అడుగు వేసి చూస్తానే అని బతిమాలింది. ఇయ్యలేదు.

ఒక్క అడుగే గదా అని నేనే వేసి చూసినాను. ఇది రాయొద్దే ప్రిసిల్లా.